లివర్ క్యాన్సర్ తిరగబెట్టిందా? మార్పిడికి పరుగెత్తే ముందు ఏ పని ముందు, ఏది వెనక

మా మామకు లివర్‌లో గడ్డ తీసేసిన పద్నాలుగు నెలలకు స్కాన్‌లో మళ్లీ రెండు మచ్చలు కనిపించాయి. ఆ రాత్రే పాకాల దగ్గర వాళ్ల ఊళ్లో అందరం కూర్చున్నాం. పెద్దకొడుకు "నా లివర్ ఇస్తా" అన్నాడు. అత్త మెడలో గొలుసు తీసి మంచమ్మీద పెట్టింది. తోతాపురి తోట బేరానికి పెడితే మర్నాడు సాయంత్రానికే అడ్వాన్సు చేతికొచ్చింది. ఇంత చేశాం గానీ, అసలు ఆయనకు లివర్ మార్పిడి (ట్రాన్స్‌ప్లాంట్) చేయొచ్చా అని ఒక్కరం కూడా అడగలేదు. వారం తర్వాత చెన్నైలో డాక్టరు ఫైలు మొత్తం చూసి, "ఇప్పుడే వద్దు. ముందు వేరే వైద్యం చేసి మూడు నెలలు చూద్దాం" అన్నాడు. తోట కొన్నాయన మాత్రం మూడు నెలలు ఆగలేదు.

అందుకే ఇక్కడ వరస ముఖ్యం. ముందు కాగితాలు, తర్వాత జబ్బు లెక్క, ఆ తర్వాత ఆస్పత్రి, డోనర్, చివర్న డబ్బు. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. నేను డాక్టర్ని కాను. ఏడాదిన్నర పాటు ఫైలు చంకన పెట్టుకుని తిరిగినవాణ్ణి. వైద్యం సంగతి మీ డాక్టరే చెప్పాలి. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏం పట్టుకుపోవాలో నేను చెప్తాను.

మొదటి పని: "మళ్లీ వచ్చింది" అనే మాటను విడదీయండి

ముందుగా, ఇది లివర్‌లోనే పుట్టిన క్యాన్సరేనా అని నిర్ధారించుకోండి. డాక్టర్లు దీన్ని హెచ్‌సీసీ అంటారు, హెపటోసెల్యులార్ కార్సినోమా. పేగులోనో పొట్టలోనో పుట్టి లివర్‌కు పాకినదైతే దాని కథ వేరు, దారి వేరు. కింద రాసినవేవీ దానికి పనికిరావు.

హెచ్‌సీసీ ఎందుకు తిరగబెడుతుంది? చాలామందిలో ఇది మంచి లివర్‌లో పుట్టదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, ఏళ్ల తరబడి తాగుడు, షుగరూ ఊబకాయంతో వచ్చే ఫ్యాటీ లివర్ ముందు లివర్‌ను గట్టిపడేలా చేస్తాయి. దాన్నే సిర్రోసిస్ అంటారు. వేరుశనక్కాయలు తడిసి బూజు పడితే అందులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కూడా ఈ క్యాన్సర్‌కు ఒక కారణం. కాయలు పండించే మన చిత్తూరు వైపు ఈ మాట ఇంటింటికీ తెలియాలి. బూజు కాయలు గానుగకు పంపే అలవాటు ఇంకా పోలేదు. ఇక, గడ్డ ఉన్న ముక్కను కోసేసినా మిగిలిన లివర్ అదే జబ్బుది. మామిడి చెట్టుకు ఒక కొమ్మ కొట్టేస్తాం, చీడ మాను నిండా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత అయిదేళ్లలో 70 శాతం దాకా తిరగబెట్టేది ఇందుకే. మార్పిడి మీద ఆశ ఉన్నదీ ఇందుకే, గడ్డతో పాటు చీడ పట్టిన మానునే తీసేస్తారు కాబట్టి. ముందు ముక్క కోసి, మళ్లీ వస్తే మార్పిడికి వెళ్లడాన్ని సాల్వేజ్ ట్రాన్స్‌ప్లాంట్ అంటారు. డాక్టరు నోట ఈ మాట వస్తే కంగారు పడకండి.

ఇప్పుడు క్యాలెండరు తీయండి. మొదటి ఆపరేషన్ తేదీకీ, మళ్లీ కనబడిన తేదీకీ మధ్య ఎన్ని నెలలు? రెండేళ్లలోపే వస్తే, చాలాసార్లు అది పాత గడ్డ చల్లిన విత్తనమే. రెండేళ్లు దాటాక వస్తే, చీడ పట్టిన లివర్‌లో కొత్తగా పుట్టిన గడ్డ అయ్యే అవకాశం ఎక్కువ. మార్పిడికి రెండోది కాస్త మేలైన రకం. మొదటిదైతే డాక్టర్లు తొందరపడరు, కొన్నాళ్లు గమనిస్తామంటారు. మా మామకు జరిగింది అదే. నిర్లక్ష్యం చేస్తున్నారని ఆ రోజు మేం కోప్పడ్డాం.

ఇంకొక ప్రశ్న, ఎక్కడ వచ్చింది? లివర్‌లోనేనా, ఊపిరితిత్తులకో ఎముకలకో పాకిందా? లివర్‌కు రక్తం తెచ్చే పెద్ద సిర, పోర్టల్ వెయిన్‌లోకి దిగిందా? బయటికి పాకితే మార్పిడి లేదు, ఎంత డబ్బున్నా, ఎంతమంది డోనర్లున్నా. సిరలోకి దిగితే మామూలుగా వద్దంటారు. కొన్ని పెద్ద సెంటర్లు రేడియేషన్ లాంటివి చేసి, అది చచ్చిందని తేలాకే మళ్లీ ఆలోచిస్తాయి.

రెండో పని: ఫైలు

డాక్టరు దగ్గర మీకు దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు కాగితాలు వెతకడంలో పోకూడదు.

అన్నిటికంటే విలువైనది మొదటి ఆపరేషన్ తర్వాత తీసిన ముక్కను పరీక్షించి ఇచ్చిన పాథాలజీ రిపోర్టు. సన్న రక్తనాళాల్లోకి క్యాన్సర్ దిగిందా, కోసిన అంచున మిగిలిందా, కణాలు ఎంత మొండివి అన్నది అందులో ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక లైనుతో సరిపెడతారు, అది చాలదు. ఆస్పత్రికి ఉత్తరం రాసిస్తే స్లైడ్లు, బ్లాకులు కూడా ఇస్తారు. పాత ఆస్పత్రి వాళ్లు మమ్మల్ని మూడుసార్లు తిప్పారు. మూడోసారి రిసెప్షన్‌లో కాకుండా మెడికల్ రికార్డ్స్ గదిలో అడిగితే అరగంటలో దొరికింది.

స్కాన్‌లు సీడీల్లో కావాలి. ఫిల్మును సెల్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఏ రేడియాలజిస్టూ దాన్ని చదవలేడు. సీటీ అయితే ట్రిపుల్ ఫేజ్ సీటీ, లేదా కాంట్రాస్ట్ ఎంఆర్ఐ ఉండాలి. మందు ఎక్కించాక గడ్డ ముందు వెలిగి, తర్వాత మసకబారడమే హెచ్‌సీసీ గుర్తు. మామూలు సీటీలో అది కనిపించదు, రెండోసారి ఖర్చు మీకే. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో చాలాసార్లు స్కాన్‌తోనే నిర్ధారణ అవుతుంది. "సూది పెట్టి ముక్క తీద్దాం" అంటే, అది తప్పదా అని మార్పిడి డాక్టర్ని అడిగాకే ఒప్పుకోండి. సూది దారిలో క్యాన్సర్ కణాలు పడే ప్రమాదం కొద్దిగా ఉంది.

ఏఎఫ్‌పీ అని, ఈ క్యాన్సర్ గుర్తును రక్తంలో కొలిచే పరీక్ష ఉంది. ఇప్పటిదాకా చేసినవన్నీ తేదీల వారీగా ఒకే కాగితం మీద రాయండి. ఒక్క అంకె కంటే అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే డాక్టరుకు కావాలి. హెపటైటిస్ రిపోర్టులు, ఎండోస్కోపీ, ఇదివరకు టేస్ గానీ ఆర్‌ఎఫ్‌ఏ గానీ (ఇవేంటో కింద చెప్తాను) చేయించి ఉంటే ఆ సమ్మరీలు వెనక పెట్టండి. ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు వేయించుకుని ఉంటే ఆ విషయం పైనే, పెద్దక్షరాలతో రాయండి. ఆ మందుల ప్రభావం ఒంట్లో ఉండగా మార్పిడి చేస్తే కొత్త లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టే ప్రమాదం ఉంది, అందుకే కొంతకాలం ఆగుతారు.

మూడో పని: జబ్బు లెక్కలో ఎక్కడున్నారు

మార్పిడి ఎవరికి మేలు చేస్తుందన్నది 1996 దాకా గందరగోళమే. గడ్డలు పెద్దవైనా, చాలా ఉన్నా చేసేవారు, మళ్లీ వచ్చేది. ఆ ఏడాది ఇటలీలోని మిలాన్ నగరంలో మజ్జఫెరో అనే సర్జన్ బృందం 48 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. గడ్డ ఒకటే ఉండి 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు లోపు ఉండి ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు, రక్తనాళాల్లోకి దిగకుండా, బయటికి పాకకుండా ఉన్నవాళ్లు వీళ్లు. నాలుగేళ్ల తర్వాత 75 శాతం మంది బతికున్నారు. అప్పట్నుంచి ప్రపంచమంతా దీన్ని మిలాన్ కొలత అంటోంది. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు దీన్ని కాస్త సడలించారు. ఒకటైతే 6.5 సెంటీమీటర్లు, మూడు దాకా ఉంటే పెద్దది 4.5, అన్నీ కలిపి 8 మించకూడదు. బతికున్న బంధువు ఇచ్చే లివరైతే మన దేశంలో కొన్ని సెంటర్లు ఇంకొంచెం ముందుకు పోతాయి. మీ సెంటర్ ఏ కొలత పాటిస్తుందో నేరుగా అడగండి. నొచ్చుకోరు.

సైజు ఒక్కటే కాదు. గడ్డ చిన్నదైనా ఏఎఫ్‌పీ 1000 దాటితే డాక్టర్లు వెనకాడతారు. అది 500 లోపుకు దిగేదాకా వేరే వైద్యం చేస్తారు.

మా వాళ్లకు అర్థం కావడానికి ఎక్కువ రోజులు పట్టింది ఈ "వేరే వైద్యం" గురించే. టేస్ అంటే తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి, గడ్డకు రక్తం పోసే నాళంలోకే మందు వదిలి దాన్ని మూసేయడం. ఆర్‌ఎఫ్‌ఏ, మైక్రోవేవ్ అంటే సూదితో గడ్డను కాల్చడం. వై-90 అనే రేడియో ధార్మిక సన్న పూసలు, గురిపెట్టిన రేడియేషన్ కూడా ఉన్నాయి. గడ్డ కొలతకు మించి ఉంటే వీటితో కొలతలోకి దించుతారు. కొలతలోనే ఉంటే, మార్పిడి దాకా పెరగకుండా కట్టి పడేస్తారు. ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు చూస్తారు. వైద్యానికి లొంగిన గడ్డ మార్పిడి తర్వాత తిరిగొచ్చే అవకాశం తక్కువ. వైద్యం జరుగుతుండగానే పెరిగే గడ్డ కొత్త లివర్‌నూ వదలదు. అంటే ఆ మూడు నెలలూ గడ్డకు పరీక్ష. మామకు రెండు మచ్చలూ కాలిపోయి, ఏఎఫ్‌పీ వందల్లోంచి రెండంకెలకు దిగింది.

ఇక్కడ ఇంకో మాట. మళ్లీ వచ్చిందంటే మార్పిడే చేయించాలని లేదు. ఒక్కటే చిన్న గడ్డ, మిగిలిన లివర్ బాగా పనిచేస్తోంది, పొట్టలో నీరు లేదు, కామెర్లు లేవు అనుకోండి. దాన్ని కాల్చేయడమో, మళ్లీ చిన్న ముక్క తీయడమో సరిపోవచ్చు. లివరే చెడిపోయి గడ్డ కూడా ఉంటే మార్పిడి బలమైన మాట అవుతుంది. "మార్పిడి కాకుండా ఇంకేమైనా కుదురుతుందా?" అని అడగడం పిరికితనం కాదు.

నాలుగో పని: ఎక్కడికి

తిరుపతిలోనే మొదలుపెట్టండి. స్విమ్స్‌లో గ్యాస్ట్రో మెడిసిన్, గ్యాస్ట్రో సర్జరీ రెండు విభాగాలూ ఉన్నాయి. అలిపిరి దగ్గర 2022లో తెరిచిన టాటా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. పూర్తి పేరు శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ అయినా ఆటోవాళ్లకు టాటా అంటేనే తెలుస్తుంది. స్కాన్‌లు, రక్తపరీక్షలు, మొదటి అభిప్రాయం కోసం చెన్నై దాకా పోయి లాడ్జి బాడుగ కట్టక్కర్లేదు.

మార్పిడి అభిప్రాయానికి మాత్రం ఏటా ఎన్నో చేసే సెంటర్‌కే పోండి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ నలభై కిలోమీటర్ల లోపే. పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి రైలు ఉంది. ఆ ఆస్పత్రికి వేలూరులోనూ రాణిపేటలోనూ క్యాంపస్‌లున్నాయి, లివర్ వాళ్లను ఎక్కడ చూస్తారో అడిగి బయల్దేరండి. చెన్నైలో పెద్ద ప్రైవేటు సెంటర్లతో పాటు ప్రభుత్వ స్టాన్లీ ఆస్పత్రిలోనూ లివర్ మార్పిడులు చేస్తారు. తిరుపతి నుంచి రైల్లో పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు. వీలైతే రెండు చోట్ల చూపించండి. ఒకరు ఒప్పుకుని ఒకరు వద్దంటే, ఎందుకు వద్దన్నారో ఆ కారణాన్ని మొదటివాళ్ల ముందు పెట్టండి.

లోపలికి వెళ్లాక మేం అడిగినవి ఇవి. "మా కేసు ట్యూమర్ బోర్డులో పెడతారా?" అంటే సర్జన్, లివర్ డాక్టర్, క్యాన్సర్ డాక్టర్, రేడియాలజిస్టు కలిసి కూర్చుని చూస్తారా అని. "ముందొకసారి ఆపరేషన్ అయిన పొట్ట, మళ్లీ తెరిస్తే ఎంత కష్టం?" పాత కోత దగ్గర అన్నీ అతుక్కుపోయి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది, సమయం ఎక్కువ పడుతుంది. "మార్పిడి తర్వాత మళ్లీ వస్తే ఏం చేస్తారు?" ఈ చివరి ప్రశ్నకు డాక్టరు మొహం చిట్లిస్తే ఇంకో డాక్టర్ని చూడండి.

అయిదో పని: డోనర్

ఇక్కడ నిదానంగా చదవండి. ఇంట్లో మనిషి ఆరోగ్యంగా ఉన్నవాడు కత్తి కిందికి వెళ్లే సంగతి ఇది.

1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతయ్యలు, అవ్వలు, మనవలు, మనవరాళ్లు. మన లెక్కలో సొంతవాళ్లయిన మేనల్లుడు, బావమరిది, అల్లుడు, కోడలు ఈ జాబితాలో లేరు. వాళ్లు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. మన రాష్ట్రం వాళ్లు తమిళనాడులో చేయించుకుంటే మన వైపు నుంచీ కాగితం అడుగుతారు. దానికి వారాలు పడతాయని లెక్కేసుకోండి. డబ్బిచ్చి లివర్ కొంటే అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. ఆస్పత్రి గేటు దగ్గర "డోనర్ ఉన్నాడు సార్" అని చెవిలో చెప్పేవాడి వైపు చూడకండి.

డోనర్‌కు 18 నిండాలి. పై వయసు ఆస్పత్రిని బట్టి 50, 55 దాకా. బ్లడ్ గ్రూపు కుదిరితే మంచిది, కుదరకపోయినా ప్రత్యేక వైద్యంతో చేసే సెంటర్లు ఉన్నాయి. సీటీలో లివర్ సైజు కొలుస్తారు. తీసుకునేవాళ్ల బరువులో కనీసం 0.8 శాతం తూగే ముక్క కావాలి, డోనర్‌కు 30 శాతం పైన మిగలాలి. పెద్దవాళ్లకు ఇచ్చేది మామూలుగా కుడి భాగం, అంటే దాదాపు 60 శాతం. మిగిలింది రెండు మూడు నెలల్లో చాలామటుకు పెరిగిపోతుంది. లివర్ ఇస్తానన్న మామ పెద్దకొడుక్కి, అంటే మా బావమరిదికి, ఫ్యాటీ లివర్ అని తేలింది. "మూడు నెలలున్నాయి కదా, బరువు తగ్గి రా" అన్నారు. రోజూ పొద్దున పొలం గట్ల మీద నడిచి, రాత్రి అన్నం మానేసి తొమ్మిది కిలోలు తగ్గాడు. గడ్డకు పెట్టిన పరీక్ష వాడికి కూడా పరీక్షే అయింది.

ప్రాణాపాయం ఎంత? కుడి భాగం ఇచ్చేవాళ్లలో వెయ్యికి ఇద్దరు నుంచి అయిదుగురు దాకా. చిన్న అంకె, కానీ సున్నా కాదు. ఈ మాట డోనర్‌కు ఆస్పత్రి వాళ్లు విడిగా, ఇంటివాళ్లెవరూ లేకుండా చెప్పాలి. నేను చూసినంతలో మన ఇళ్లలో "ఆయన కోసం ఇవ్వదా ఏం?" అనే చూపు ముందు భార్య మీద, తర్వాత కూతురి మీద పడుతుంది. అలాంటి ఒత్తిడిలో ఉన్న డోనర్ డాక్టరుతో "నాకు ఇష్టం లేదు" అంటే, ఆ మాట ఇంట్లో బయటపెట్టకుండా "మెడికల్‌గా సరిపోలేదు" అని చెప్పి కాపాడొచ్చు. మీరే డోనరైతే ఈ హక్కు గుర్తుంచుకోండి.

ఇంట్లో ఎవరూ కుదరకపోతే, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల లివర్ కోసం మార్పిడి చేసే ఆస్పత్రి ద్వారా మన రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాలి. తమిళనాడు ఆస్పత్రి అయితే అక్కడ ట్రాన్‌స్టాన్. సొంత రాష్ట్రంలోనే రాయించుకోవాలనే నిబంధననూ, 65 ఏళ్ల పరిమితినీ కేంద్రం 2023లో తీసేసింది. క్యూ పొడవు, క్యాన్సర్ ఆగదు. అందుకే మన దేశంలో ఎక్కువ మార్పిడులు ఇంటి డోనర్లతోనే జరుగుతున్నాయి.

ఆరో పని: డబ్బు

ప్రైవేటులో 20 లక్షల నుంచి 30 లక్షల దాకా చెప్తారు. డోనర్ ఆపరేషన్ అందులో కలిసిందా, ఐసీయూ రోజులు పెరిగితే ఎంత, ఎస్టిమేట్ రాయించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగో, 104కు ఫోన్ చేసో మీ చికిత్సకు, ఆ ఆస్పత్రికి ఎంత వర్తిస్తుందో తేల్చుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టండి, ఆపరేషన్‌కు ముందే ఎల్‌ఓసీ, అంటే ఆస్పత్రికి ఇచ్చే డబ్బు హామీ పత్రం, అడగాలి. ప్రధానమంత్రి సహాయ నిధి కూడా అవయవ మార్పిడికి సాయం చేస్తుంది. స్విమ్స్‌లో చేరితే టీటీడీ ప్రాణదాన పథకం గురించి అడగండి. బోర్డు "చేస్తాం" అని రాసిచ్చేదాకా పొలం అమ్మకండి. అవసరంలో ఉన్నవాడి పొలానికి ఎవడూ సరైన ధర కట్టడు.

ఆపరేషన్ తర్వాత

డోనర్ వారం పది రోజుల్లో, రోగి రెండు మూడు వారాల్లో ఇంటికొస్తారు. తర్వాత కొన్ని వారాలు ఆస్పత్రికి దగ్గర్లో గది తీసుకోమంటారు, ఆ అద్దె లెక్కలో వేసుకోండి.

కొత్త లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే మాత్ర టాక్రోలిమస్ జీవితాంతం. రోజూ ఒకే వేళకు, ఖాళీ కడుపున. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. పంపరపనస తినకూడదు, అది మందు మోతాదును రక్తంలో పెంచేస్తుంది. క్యాన్సర్ కోసం మార్పిడి అయినవాళ్లకు చాలాచోట్ల కొన్నాళ్లకు అలాంటిదే ఎవరోలిమస్ అనే మాత్ర కలుపుతారు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఆ వైరస్ మాత్ర ఆపకూడదు. మద్యం తాగడం ముగిసిన కథ.

ఇంకోటి, పసరు. కామెర్లకు పసరు పోసే చోట్లు మన వైపు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ ఒక ఊరి పేరు చెప్తాడు. ఆ ఆకుల్లో ఏవి లివర్‌ను కాలుస్తాయో, ఏవి టాక్రోలిమస్‌తో గొడవ పెట్టుకుంటాయో ఎవరూ కొలిచి పోయరు. చెప్పినవాళ్లకు కాఫీ ఇచ్చి పంపండి.

మార్పిడి తర్వాత కూడా నూటికి పది నుంచి ఇరవై మందికి క్యాన్సర్ తిరిగొస్తుంది, ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో, ఊపిరితిత్తులు, ఎముకలు, కొత్త లివర్‌లో. అందుకే ఆ కాలంలో మూడు నుంచి ఆరు నెలలకోసారి సీటీ, ఏఎఫ్‌పీ. బాగున్నాడు కదా అని ఎగ్గొట్టేది సరిగ్గా అప్పుడే.

కొండ మొక్కు సంగతి అందరూ అడుగుతారు. మొదటి ఆరు నెలలు రద్దీలోకి వద్దన్నారు మాకు, కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి కూర్చోవడం అసలే వద్దన్నారు. అలిపిరి మెట్లు 3,550. కోత పూర్తిగా మానకముందు ఎక్కితే హెర్నియా పట్టుకోవచ్చు. మామ మార్పిడి తర్వాత తొమ్మిదో నెల స్కాన్ అయ్యాక, సర్జన్‌ను అడిగి, బస్సులో వెళ్లి తలనీలాలిచ్చి వచ్చాడు. మాస్కు తీయలేదు, ఎనిమిది గంటల మాత్ర జేబులోనే పెట్టుకున్నాడు.